ఇంటిపేరులో ఊరు

ఊరి పేరు ఇంటిపేరగుట సాధారణముగా ఆ యూరిలో జరుగదు. "కనిగిరి వారు" అను ఇంటిపేరునే గమనింపుడు. కనిగిరిలో నున్నవారందరును కనిగిరి వారే. అక్కడ ఆ మాట యెవరిని వేరుచేసి చూపగలదు? ఒక కుటుంబము కరవుచేతనో, కొలువు కొరకో, సేద్యము కొరకో మరియొక గ్రామము చేరినపుడు, "ఎవరింటి పిల్లవాడు?" అన్న ప్రశ్నకు "కనిగిరి వారింటి పిల్లవాడు" అను సమాధానము పుట్టును. కనుక అట్టి పేరు నివాసమును గాక వలసను తెలుపును.

ఇందు వ్యాకరణమును కలదు. టంగుటూరు ఇంటిపేరైనపుడు టంగుటూరి యగును. కందుకూరు కందుకూరి యగును. ఆ తుది ఇకారమునకు "ఆ యూరికి చెందిన" యని యర్థము. కనిగిరి, పొదిలి, అద్దంకి మొదలే ఇకారాంతములు గనుక మార్పు పొందవు.

టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1872లో జన్మించినది టంగుటూరులో గాదు, వినోదరాయునిపాలెములో. గదర్ పార్టీ తొలి సభ్యులలో నొకరైన దరిశి చెంచయ్యగారు పుట్టినది కనిగిరిలో. కనిగిరినుండి ఉత్తరముగా పొదిలి దాటిన పిదప వచ్చు ఊరు దరిశి. నేడు దర్శి యనుచున్నారు. చరిత్ర పుస్తకములు చెప్పని పూర్వపు ప్రయాణమునొకదానిని ఆ మూడక్షరముల ఇంటిపేరు సూచించుచున్నది.

ఇంటిపేర్లన్నియు ఊళ్లే కావు. కరణం వంటివి వృత్తినిబట్టి వచ్చినవి. వేప, చింత చెట్ల పేళ్లు. మహాకవి జాషువాగారి ఇంటిపేరు గుర్రం. ఇటలీ దేశమునను ఇదే తీరు. అక్కడి ఫెర్రారి యనగా కమ్మరి. రోమానో యనగా రోమునకు చెందినవాడు.

అయితే తొందరపడి నిర్ణయింపరాదు. ఒకే పేరుగల ఊళ్లు పెక్కు కలవు. ఒకే ఇంటిపేరు పలు కులములవారికి కలదు. ఇంటిపేరు సాక్ష్యమే గాని తీర్పు కాదు.

ఆ సాక్ష్యము నేడు చెరిగిపోవుచున్నది. బడి పట్టీలలో అది పేరుకు ముందొక పొడి అక్షరమై మిగులుచున్నది. ఆడుబిడ్డల విషయమున నష్టమింకను ఎక్కువ. వివాహముతో పుట్టింటిపేరు కాగితములనుండియే తొలగును. కావున మీ తండ్రిగారి ఇంటిపేరుతోపాటు తల్లిగారి, నాయనమ్మగారి, అమ్మమ్మగారి పుట్టింటి పేళ్లను గూడ పెద్దలనడిగి పూర్తిగా వ్రాసి యుంచుడు. చెప్పగలవారు ఇంటనుండగానే ఆ పని జరుగవలెను.