వెనక షాకబ్జరు రింగు

మన ఊళ్ళలో తిరిగే మోటార్ సైకిళ్ళలో చాలావాటికి వెనక చక్రానికి ఇటొకటి అటొకటి రెండు షాకబ్జర్లు ఉంటాయి. వాటి స్ప్రింగు కొసన మెట్లు మెట్లుగా కోసిన ఇనప రింగు ఒకటి కనిపిస్తుంది. హీరో స్ప్లెండర్‌లో ఆ మెట్లు 5. కొక్కెంలా వంగిన స్పానర్ ఒకటుంటుంది, ఆ రింగును తిప్పడానికే. బండి షోరూం నుంచి వచ్చిన రోజు ఏ మెట్టు మీద ఉందో, ఏళ్ళ తర్వాత చేతులు మారే రోజున కూడా అదే మెట్టు మీద ఉండిపోయే బళ్ళు ఎన్నో. తిప్పించేవాళ్ళు కూడా 'నడుం నొప్పిగా ఉంది, షాకులు కాస్త మెత్తగా పెట్టు' అని మెకానిక్‌తో అంటారు. అంటే ఆ రింగుతో స్ప్రింగు మెత్తబడుతుందనీ గట్టిపడుతుందనీ నమ్మకం. అది సరి కాదు. రింగు స్ప్రింగు గట్టితనాన్ని మార్చదు. బరువు పడ్డాక బండి వెనక భాగం ఎంత ఎత్తులో నిలవాలో మారుస్తుంది. మలుపులో హ్యాండిల్ మన మాట వినడం ఆ ఎత్తు మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి, బరువు మారితే రింగు కూడా మారాలి. ఈ ప్రసంగంలో నేను వాదించబోయేది ఇదే.

చిన్న లెక్క వేసి చూద్దాం. రెండు స్ప్రింగులూ కలిసి 3 కిలోలకు 1 మిల్లీమీటరు చొప్పున కుంగుతాయనుకుందాం. నడిపే మనిషి ఒక్కడే కూర్చున్నప్పుడు వాటి మీద పడే బరువు 90 కిలోలైతే, బండి వెనక 30 మిల్లీమీటర్లు దిగుతుంది. వెనక సీటు మీద 60 కిలోల మనిషి ఎక్కితే, ఆ బరువు దాదాపు అంతా వెనక చక్రానికే పోతుంది కనుక ఇంకో 20 దిగి, మొత్తం 50 అవుతుంది. ఇప్పుడు రింగు తిప్పి స్ప్రింగును ముందుగానే 10 మిల్లీమీటర్లు నొక్కి ఉంచామనుకోండి. మొదటి 30 కిలోలు ఆ నొక్కుడుకే సరిపోతాయి. ఆ మీద పడిన బరువుకే స్ప్రింగు కదులుతుంది. కుంగుదల 50 నుంచి 40కి వస్తుంది. కానీ అక్కడినుంచి మరో 3 కిలోలు వేసి చూడండి, ముందులాగే 1 మిల్లీమీటరే దిగుతుంది. స్ప్రింగు మారలేదు, బండి నిలిచే చోటు మారింది.

'మరి పై మెట్టుకు తిప్పి చూశాం, బండి గట్టిగానే కొట్టింది కదా' అని అడిగేవాళ్ళున్నారు. వాళ్ళకు తెలిసిన కుదుపు నిజమే, కారణం మాత్రం వేరు. చక్రం గట్టు ఎదురైతే పైకి లేవాలి, గుంత వస్తే కిందికి సాగాలి. కిందికి సాగడానికి చోటు ఎక్కడినుంచి వస్తుంది? బరువుకు బండి కాస్త కుంగి ఉండడం వల్లనే వస్తుంది. ఒంటరిగా వెళ్ళే మనిషి రింగును చివరి మెట్టున పెడితే ఆ కుంగుదల దాదాపు పోతుంది. చిన్న గతుకులకు స్ప్రింగు కదలదు. గుంత వచ్చినప్పుడు సాగే చోటు లేక చక్రంతో పాటు బండి మొత్తం పడుతుంది. నడుముకు తగిలేది ఆ దెబ్బ. కొన్ని షాకబ్జర్లలో స్ప్రింగు చుట్లు ఒక చివర దగ్గరదగ్గరగా ఉంటాయి; వాటిలో రింగు తిప్పితే ఆ మెత్తటి చుట్లు ముందే మూసుకుని నిజంగానే కొంత గట్టిదనం వస్తుంది. ఆ మేరకు ఒప్పుకోవాలి. అయినా అక్కడ కూడా పెద్ద మార్పు ఎత్తులోనే.

ఇక ఆ ఎత్తుకూ హ్యాండిల్‌కూ ఉన్న సంబంధం. ముందు చక్రాన్ని పట్టుకున్న ఫోర్కులు నిటారుగా కాక, వెనక్కి వాలి ఉంటాయి. హ్యాండిల్ తిరిగే ఇరుసు గీతను నేల దాకా పొడిగిస్తే, అది టైరు నేలను తాకే చోటుకు కొంచెం ముందు తగులుతుంది. ఆ రెంటి మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. మామూలు రోడ్డు బళ్ళలో చాలావాటికి ఇది సుమారు 90 నుంచి 100 మిల్లీమీటర్లు. చక్రాన్ని తిన్నగా ఉంచే గుణం దీనివల్లే వస్తుంది. వెనక భాగం బాగా కుంగితే బండి మొత్తం వెనక్కి వాలి, ఫోర్కులు ఇంకా పడుకుని, ట్రెయిల్ పెరుగుతుంది. పైగా ముందు టైరు మీద బరువు వాటా తగ్గుతుంది. తిరుమల రెండో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు రోడ్డు వాలు కూడా తోడై బరువు ఇంకా వెనక్కి జరుగుతుంది. వెనక మనిషీ, సంచులూ ఉన్న బండి అక్కడి మలుపులో వంగడానికి మొరాయించి బయటి అంచు వైపు జారుకోవడం ఇందుకే. తప్పు టైరుదనో, నడిపేవాడి చేతిదనో అనుకుంటారు. వెనక మరీ ఎత్తుగా ఉంటే తిరగడం తేలికవుతుంది కానీ వేగంలో హ్యాండిల్ నిలకడ తగ్గుతుంది. రాత్రిపూట ఇంకో ముప్పు ఉంది. వెనక కుంగిన బండి హెడ్‌లైటు పైకి లేచి ఎదురొచ్చేవాళ్ళ కళ్ళలో పడుతుంది. తన ముందున్న గుంత మాత్రం చీకట్లో ఉండిపోతుంది. ఇంత ప్రమాదాన్ని ఒక స్పానరుతో తగ్గించుకోగలిగి కూడా వదిలేస్తున్నామని నా బాధ.

సరైన మెట్టు ఏదో చేతి అంచనాతో కాక టేపుతో తేల్చాలి. ముందు టైర్లలో గాలి సరిచూసుకోవాలి, ఎందుకంటే టైరు కూడా స్ప్రింగులాంటిదే. బండిని సెంటర్ స్టాండ్ మీద, వెనక చక్రం నేలను తాకకుండా నిలబెట్టి, చక్రం ఇరుసు నుంచి దానికి నేరుగా పైన ఉన్న ఒక గుర్తు దాకా కొలవండి. తర్వాత స్టాండ్ తీసి, రోజూ ఎక్కే మనుషులే ఎక్కి కూర్చుంటే, మరొకరు బండిని నిలువుగా పట్టుకుని మళ్ళీ కొలవాలి. తేడాయే కుంగుదల. చక్రం మొత్తం కదలగలిగిన దూరంలో అది దాదాపు మూడో వంతు ఉంటే మంచిది. ఎక్కువైతే రింగు పైమెట్టుకు, తక్కువైతే కిందికి. రెండు వైపులా ఒకే మెట్టు ఉండాలన్నది మరిచిపోకూడదు. ఈ కొలతతో స్ప్రింగు సంగతి కూడా బయటపడుతుంది. మనిషి ఎక్కినప్పుడు లెక్క సరిగ్గా ఉండి, ఖాళీ బండి మాత్రం ఏమాత్రం కుంగకపోతే, స్ప్రింగు ఆ బరువుకు చాలని మెత్తటిది. దాన్ని రింగు బలవంతంగా నిలబెడుతోందన్నమాట. అప్పుడు మార్చాల్సింది స్ప్రింగునే.

పొద్దున పాల క్యాన్లతో వెళ్ళి ఖాళీ క్యాన్లతో తిరిగొచ్చే మనిషి రోజుకు రెండుసార్లు రింగు తిప్పుతూ కూర్చుంటాడా అన్నది న్యాయమైన ప్రశ్న. తిప్పడు, తిప్పమని నేనూ అనను. అతను నిండు క్యాన్ల బరువుకు పెట్టుకోవాలి. ఖాళీగా వచ్చేటప్పుడు కుదుపు ఓర్చుకోవచ్చు. నిండు బరువుతో షాకబ్జరు లోపలి రబ్బరుకు కొట్టుకునేదాకా దిగి, మలుపులో బండి బిగుసుకుపోతే ఓర్చుకునేదేమీ ఉండదు. వారంలో ఆరు రోజులు ఒంటరిగా ఆఫీసుకెళ్ళి, ఆదివారం భార్యతో ఊరికి బయల్దేరే మనిషి సంగతి వేరు. ఆ ఒక్క ఉదయం రెండు రింగులు తిప్పడానికి పట్టేది కొద్ది నిమిషాలే. అలాగే గొలుసు బిగువు కూడా చూసుకోవాలి. ముందు పళ్ళచక్రం, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ కీలు, వెనక ఇరుసు ఒకే గీతలోకి వచ్చినప్పుడు గొలుసు అన్నిటికంటే బిగుసుకుంటుంది. ఖాళీ బండిలో వదులు మరీ తక్కువగా ఉంచితే, బరువు పడ్డాక అది పట్టేస్తుంది.

ఇదంతా పందెం బళ్ళవాళ్ళ యావ కాదా అని ఇంకొందరి సందేహం. పరిశీలిస్తే వ్యవహారం తలకిందులు. 1000 సీసీ మోటోజీపీ బండికి కనీస బరువు 157 కిలోలు, ఎక్కేది ఒక్కడే. పందెం జరుగుతున్నంతసేపూ తగ్గేది పెట్రోలు బరువే. మన స్ప్లెండర్ సుమారు 112 కిలోలు. దాని మీద 65 కిలోల మనిషి, వెనక అంతే మనిషి, ఒక సంచి ఎక్కితే మోసే బరువు బండి బరువును దాటిపోతుంది. ఇంతగా బరువు మారే వాహనానికి సెట్టింగు అవసరం పందెం బండికంటే ఎక్కువ. ఖరీదైన బళ్ళలో షాకబ్జరు లోపలి ఆయిలు ప్రవాహాన్ని మార్చే స్క్రూలు కూడా ఉంటాయి. నొక్కుకున్న స్ప్రింగు తిరిగి లేచే వేగాన్ని అవి అదుపు చేస్తాయి. మరీ నెమ్మది చేస్తే వరస గతుకుల మీద చక్రం తిరిగి సాగేలోపే ఇంకో దెబ్బ తగిలి, బండి మెట్టుమెట్టుగా కిందికి కూరుకుపోతుంది. మామూలు బండికి ఆ స్క్రూలు లేవు కాబట్టి, వెనక సీటు మీద గట్టిగా నొక్కి వదిలి చూడండి. లేచి నిలిస్తే సరే. రెండు మూడుసార్లు ఊగితే, లేదా షాకబ్జరు కడ్డీ మీద ఆయిలు తడి కనిపిస్తే, షాకబ్జరు పని అయిపోయినట్టే. రింగు ఎంత తిప్పినా ఆ లోపం పోదు. గ్యాస్ నింపిన షాకబ్జరును మాత్రం ఇంట్లో విప్పకండి, లోపల ఒత్తిడితో నింపిన నైట్రోజన్ ఉంటుంది.