షెకెములో యెహోషువ ఒప్పుకోని మాట



మన తెలుగు క్రైస్తవుల ఇళ్లలో గుమ్మం పైనో, హాల్లో క్యాలెండర్ పక్కనో ఒక వాక్యం కనబడుతుంది. ఎవరు ఏ దేవుణ్ణి కొలిచినా తానూ తన ఇంటివాళ్లూ యెహోవానే సేవిస్తామని యెహోషువ అన్న మాట అది. మా అమ్మమ్మ ఇంట్లో దాన్ని నల్ల వెల్వెట్ గుడ్డ మీద వెండి దారంతో కుట్టి, అద్దం కట్టించి పెట్టారు. పెళ్లికి ముందు మా పిన్ని కుట్టింది. చివరి అక్షరాలకు చోటు చాలక కాస్త ఇరుకైపోయాయి. అక్షరాలు కూడబలుక్కుని చదవడం నాకు వచ్చింది ఆ అద్దం ముందే.

తర్వాత పాత నిబంధన చదువుకుని, పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక ఒక సంగతి నన్ను పట్టుకుంది. ఆ మాటకు జనం సంతోషంగా, మేమూ సేవిస్తామని బదులిస్తారు. అప్పుడు యెహోషువ అనే మాటను ఎవరూ గుడ్డ మీద కుట్టరు. మీవల్ల కాదు, మీరు ఆయన్ని సేవించలేరు అంటాడు. ఈ సాయంత్రం ఆ మాట గురించే మాట్లాడదామని వచ్చాను.

ముందు యెహోషువ జనాన్ని సమకూర్చి ఆ మాట అన్న చోటు చూడాలి. షెకెము అంటే ఇప్పటి నాబ్లుస్ పట్టణం పక్కనున్న టెల్ బలాటా అనే దిబ్బ. ఉత్తరాన ఏబాలు కొండ, దక్షిణాన గెరిజీము కొండ, మధ్యలో దారి. కనానులో అడుగుపెట్టాక అబ్రాహాము మొదటి బలిపీఠం కట్టింది ఇక్కడే. మనవడు యాకోబు ఇంటిల్లిపాది దగ్గరున్న పరాయి దేవతల బొమ్మల్నీ చెవిపోగుల్నీ అడిగి తీసుకుని పాతిపెట్టిందీ ఇక్కడి చెట్టు కిందే. ప్రాచీన గ్రీకు అనువాదంలో మాత్రం ఈ సభ జరిగిన ఊరు షిలోహు అని ఉంది. ప్రత్యక్షపు గుడారం షిలోహులో ఉండేది కాబట్టి అలా మార్చి ఉంటారని చాలామంది అనుకుంటారు. నాకైతే షెకెమే సరిగ్గా అమరుతుంది. తాతముత్తాతలు బొమ్మలు పాతిన నేల మీద నిలబెట్టి, మీ దగ్గరున్నవి తీసి పారేయండని అడుగుతున్నాడు యెహోషువ.

అప్పటికి యెహోషువ పండు ముసలి. నూను కొడుకు, ఎఫ్రాయిము గోత్రంవాడు. అసలు పేరు హోషేయ, మోషే మార్చి పెట్టాడు. వేగు చూడడానికి వెళ్లిన 12 మందిలో ధైర్యం చెప్పిన ఇద్దరిలో ఒకడు, రెండోవాడు కాలేబు. సేనాధిపతి. ఇన్ని చేసినవాడు ఆఖరి సభలో తన గురించి ఏం చెప్పుకున్నాడో వెతకండి. యుద్ధాల గురించి ఒక్క గొప్పా లేదు. యెరికో ఒక్క వాక్యంలో అయిపోతుంది. నది అవతల అబ్రాహాము తండ్రి తెరహు పరాయి దేవుళ్లను కొలిచిన రోజుల నుంచి కథంతా దేవుడే చెబుతున్నట్టు చెబుతాడు: నేను పిలిచాను, నేను నడిపించాను, నేను ఇచ్చాను. మీ కత్తీ కాదు, మీ విల్లూ కాదు అని కూడా వినిపిస్తాడు. వింటున్నవాళ్లలో ఆ కత్తులు పట్టినవాళ్లు ఎంతమందో!

ఇంకొకటి గమనించండి. ఐగుప్తు నుంచి బయటికి వచ్చిన కథలో ఒకసారి 'మీ పితరులు' అంటాడు, ఆ వెంటనే 'మీరు' అంటాడు. పితరులు మొరపెట్టారు, మీకూ ఐగుప్తీయులకూ మధ్య చీకటి పెట్టాడు, మీ కళ్లు చూశాయి. ఐగుప్తు దాటిన పెద్దవాళ్లు ఎడారిలోనే రాలిపోయారు. ఇక్కడున్నవాళ్లలో చాలామంది ఆ దారిలో దాటిన సముద్రం ఒడ్డుకు వెళ్లినవాళ్లే కాదు. అయినా మీరే చూశారంటాడు. జాతరకో, సంక్రాంతికో పెద్దవాళ్లు మన ఊరి కథ చెబుతూ 'అప్పుడు మనం గోదావరి దాటి వచ్చాం' అంటారు చూడండి, వాళ్ల తాతల కాలంనాటి ముచ్చట అది. ఆ 'మనం' ఎలాంటిదో ఈ 'మీరు' అలాంటిది.

తర్వాత గట్టి మాట. మీరు కష్టపడని పొలాలు, మీరు కట్టని ఊళ్లు, మీరు నాటని ద్రాక్షతోటలు, ఒలీవ తోటలు ఇప్పుడు మీవి. ఇక్కడ నేను ఎప్పుడూ ఆగుతాను. ఆ ఊళ్లు కట్టినవాళ్లు, ఆ చెట్లు నాటినవాళ్లు ఉన్నారు కదా. వాళ్ల సంగతి నన్ను బాధిస్తుంది, బాధించాలి కూడా. ఈ నేల మాకు రాసిపెట్టి ఉందిలే అని నిశ్చింతగా ఉండడానికి యెహోషువ కూడా జనాన్ని వదల్లేదు. ముందటి అధ్యాయంలోని వీడ్కోలు మాటల్లో, నిబంధన మీరితే ఈ మంచి నేల మీద మీరూ మిగలరని చెప్పాడు.

యెహోషువ మాటల వరస అర్థం కావాలంటే హిత్తీయుల గురించి రెండు మాటలు చెప్పాలి. ఇప్పటి టర్కీలో బొగాజ్‌కోయ్ దగ్గర వాళ్ల రాజధాని తవ్వకాల్లో మట్టిపలకలు దొరికాయి. చక్రవర్తి తన సామంతుడితో చేసుకున్న ఒప్పందాలు వాటిలో ఉన్నాయి. ముందు చక్రవర్తి పేరు, తర్వాత ఆయన చేసిన మేళ్లు, తర్వాత షరతులు, చివర్లో సాక్షులు, శాపాలు, దీవెనలు. 1954లో జార్జ్ మెండెన్‌హాల్ అనే అమెరికన్ పండితుడు ఇశ్రాయేలు నిబంధనకూ ఈ పద్ధతికీ ఉన్న పోలిక చూపించాడు. బైబిల్లో ఆ నిబంధన రాసిన కాలం చాలా తర్వాతిదని, అస్సీరియా ఒప్పందాలతోనే పోల్చాలని వాదించేవాళ్లూ ఉన్నారు. అయితే పాత మేళ్లు వరసగా ఏకరువు పెట్టే తీరు హిత్తీయ పలకల్లోనే బాగా కనిపిస్తుంది.

అసలు విశేషం సాక్షుల దగ్గర ఉంది. హిత్తీయ పలకల్లో సాక్షులంటే దేవతల పెద్ద జాబితా, కొండలు, నదులతో సహా. ఒక్క దేవుడితోనే ఒప్పందమైతే సాక్షిగా ఇంకే దేవుణ్ణి పిలుస్తారు? యెహోషువ జనం వైపే తిరిగి, మీ మీద మీరే సాక్షులు అన్నాడు. ఆ తర్వాత ఒక పెద్ద రాయి చెట్టు కింద నిలబెట్టించి, మనం విన్నదంతా ఇదీ విన్నది అన్నాడు. టెల్ బలాటాలో 1913లో ఎర్నస్ట్ సెల్లిన్ తవ్వకాలు మొదలుపెట్టాడు. అక్కడ పాత గుడి ముందు పైభాగం విరిగిన వెడల్పాటి నిలువురాయి ఒకటి ఇప్పటికీ ఉంది. అదే ఈ రాయి అని చెప్పలేం. కానీ మాటకు రాయిని సాక్షిగా నిలబెట్టే చోటు ఎలా ఉంటుందో అది చూపిస్తుంది.

ఇప్పుడు ఆ 'మీవల్ల కాదు' దగ్గరికి వద్దాం. హీబ్రూలో 'ఆవద్' అనే క్రియ ఉంది. పొలంలో పాటుపడడం, బానిసగా ఊడిగం చేయడం, దేవుణ్ణి కొలవడం, అన్నిటికీ అదే. మన 'సేవ' కొంత దగ్గరగా వస్తుంది, గుళ్లో సేవా సేవే, మంచం పట్టిన తండ్రికి చేసేదీ సేవే. యెహోషువ 24వ అధ్యాయంలో 14 నుంచి 24 వరకు పదకొండు వచనాల్లో ఈ క్రియ 14 సార్లు వస్తుంది. ఈ మాట అంత తేలిక కాదని చెవిలో మోగుతూనే ఉంటుంది. జనం మొదటిసారి ఒప్పుకున్నారు. వేరే నాయకుడైతే చప్పట్లు కొట్టించి సభ ముగించేవాడు. యెహోషువ వెనక్కి తోశాడు. ఆయన పరిశుద్ధుడు, రోషం గలవాడు, మీవల్ల కాదన్నాడు. జనం రెండోసారి అన్నారు. అయితే మీ మధ్యనున్న పరాయి దేవుళ్లను తీసేయండన్నాడు. మూడోసారీ అన్నారు.

చూశారా, బొమ్మలు ఇంకా వాళ్ల మధ్యే ఉన్నాయి! యాకోబు అడిగినప్పుడు ఇచ్చారని ఆదికాండంలో రాసి ఉంది. ఇక్కడ ఇచ్చారని ఎక్కడా లేదు. సేవిస్తాం, మాట వింటాం అన్నది మాత్రమే ఉంది. ఆ ఖాళీని నేను ఎన్నిసార్లు చదివినా దాటిపోలేను.

తన తర్వాత ఎవరన్నదీ ఆయన చెప్పలేదు. మోషే తన చేతులు యెహోషువ మీద ఉంచి అప్పగించాడు. యెహోషువ ఎవరి మీదా చేతులు ఉంచలేదు. కుర్చీ ఎవరికీ ఇవ్వకుండా, నిర్ణయం ప్రతి ఇంటికీ వదిలి, ఎవరి స్వాస్థ్యానికి వాళ్లను పంపేశాడు. అందుకే ఆ 'మీవల్ల కాదు' నాకు కోపంలా వినపడదు. రేపు తాను ఉండడని తెలిసిన పెద్దాయన, తనను చూసి ఎవరూ మాట ఇవ్వకూడదని ఆగిన తీరు అది. ఆయన్నీ, ఆయన తర్వాత ఉన్న పెద్దల్నీ చూసినంత కాలం జనం నిలబడ్డారు. ఆ తర్వాత యెహోవానూ ఆయన చేసిన కార్యాల్నీ ఎరగని తరం లేచిందని న్యాయాధిపతుల గ్రంథం చెబుతుంది.

110 ఏళ్లకు యెహోషువ చనిపోయాడు. గ్రంథమంతటా మోషేకే 'యెహోవా సేవకుడు' అన్న బిరుదు. యెహోషువకు అది చావు వార్త రాసిన వాక్యంలో మొదటిసారి వచ్చింది. ఎఫ్రాయిము కొండల్లో తిమ్నత్సెరహులో పాతిపెట్టారు.

అధ్యాయం అక్కడ ఆగదు. వెంటనే యోసేపు ఎముకలు వస్తాయి. యోసేపూ 110 ఏళ్లే బతికాడు, యెహోషువ ఆయన వంశంవాడే. నన్ను ఇక్కడ వదిలేయకండి, నా ఎముకలు తీసుకెళ్లండని ఐగుప్తులో తన వాళ్లచేత ఒట్టు వేయించుకున్నాడు. ఒట్టు వేసినవాళ్లంతా అక్కడే పోయారు. బయలుదేరిన రాత్రి మోషే ఆ ఎముకలు వెంట తీసుకున్నాడు, ఆయనా దారిలో పోయాడు. నలభై ఏళ్ల ఎడారి, యొర్దాను, యుద్ధాలు, అన్నీ దాటి ఎవరో మోసుకుంటూ వచ్చారు, పేర్లు లేవు. యోసేపు ముఖం చూసినవాళ్లు వాళ్లలో ఒక్కరూ లేరు. యాకోబు నూరు వెండి నాణేలకు కొన్న షెకెము పొలంలో ఆ ఎముకలు దించి మట్టి వేశారు.