హస్తవాసికి తోడు ఆధారం

 

ఈ రోజు పట్టా అందుకుంటున్న యువ వైద్యులారా, ఇకమీదట మీ మాటకు బరువు పెరుగుతుంది. మీరు చీటీ మీద రాసిన మందును, ఎందుకని ఒక్క మాటైనా అడగకుండా కొనుక్కునే మనుషులు మీ దగ్గరకు వస్తారు. వాళ్లలో కొందరు అప్పు చేసి కొంటారు. ఆ నమ్మకానికి తగినవాళ్లుగా ఉండాలంటే ఏ చికిత్సకు ముందైనా ఒక ప్రశ్న వేసుకోవాలి: “ఇది చేయకపోతే ఈ రోగికి ఏమయ్యేది?” నేనీ రోజు చెప్పదలచుకున్నదంతా ఈ ప్రశ్న గురించే.

మన జనం మంచి డాక్టరును హస్తవాసి గలవాడంటారు. ఆ మాటలో ప్రేమ ఉంది, గౌరవం ఉంది. కానీ దాన్ని డాక్టరే నమ్మటం మొదలుపెడితే రోగికి ప్రమాదం. చాలా జబ్బులు వాటంతట అవే తగ్గుతాయి. మామూలు వైరల్ జ్వరం వారంలోపు దిగుతుంది. నడుంనొప్పి చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. పైగా బాధ బాగా ముదిరాకే మన దగ్గరకు వస్తారు కాబట్టి, ఆ తర్వాత ఏం చేసినా ఎంతో కొంత మెరుగు కనిపిస్తుంది. బాగుపడినవాళ్లు పళ్లు పట్టుకొచ్చి దణ్ణం పెడతారు. బాగుపడనివాళ్లు ఇంకో ఆసుపత్రికి వెళ్లిపోతారు, వాళ్ల సంగతి మనకు తెలియదు. కాకి వాలగానే తాటిపండు రాలితే, కాకే రాల్చిందని తీర్పు చెప్పేస్తాం. “నా అనుభవంలో ఇది పనిచేస్తోంది” అన్న మాట ఎంత నిజాయితీగా అన్నదైనా, రుజువు కావటానికి చాలదు.

వానాకాలంలో మన వార్డుల్లో ఏటా జరిగేదే చూడండి. డెంగీ జ్వరం. రోగి లేచి కూర్చుని మాట్లాడుతుంటాడు, రక్తస్రావం లేదు. కానీ రిపోర్టు చూసిన ఇంటివాళ్లు వణికిపోతారు: “సార్, ప్లేట్‌లెట్లు పద్దెనిమిది వేలకు పడిపోయాయి, ఎక్కించరా?” ఎక్కిస్తే రెండు రోజుల్లో సంఖ్య పెరుగుతుంది. ఎక్కించకపోయినా చాలామందిలో పెరుగుతుంది. మరి ఎక్కించటం వల్ల మేలేమిటి? సింగపూర్, మలేసియా వైద్యులు దీన్నే పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. ప్లేట్‌లెట్లు 20 వేలు, అంతకు తక్కువ ఉండి, తీవ్ర రక్తస్రావం లేని 372 మంది పెద్దవాళ్లను చీటీలు తీసినట్టు రెండు జట్లుగా విడదీశారు. ముందు జాగ్రత్తగా ఎక్కించిన జట్టులో 21 శాతం మందికి, ఎక్కించని జట్టులో 26 శాతం మందికి రక్తస్రావం కనిపించింది. గణాంకాల ప్రకారం ఇది తేడా అనదగ్గ తేడా కాదు. దద్దుర్లు మొదలుకొని తీవ్రమైన అలర్జీ వరకు దుష్ప్రభావాలు మాత్రం ఎక్కించినవాళ్లలోనే ఎక్కువ. అలాంటి రోగిని కాపాడేది కనిపెట్టుకుని ఉండటం: బీపీ, పీసీవీ, మూత్రం, ఎక్కించే ద్రవాల లెక్క. ఆ ఇంటివాళ్ల పక్కన ఐదు నిమిషాలు కూర్చుని ఈ సంగతి చెప్పటం కూడా చికిత్సలో భాగమే.

సిద్ధాంతం బాగుంది కదా అని కూడా మోసపోకండి. గుండెపోటు తర్వాత గుండె అదనంగా, లయ తప్పి కొట్టుకునేవాళ్లకు ఆకస్మిక మరణం ముప్పు ఎక్కువ. ఆ అదనపు స్పందనలను అణిచే మందులున్నాయి. అణిస్తే ప్రాణం నిలుస్తుందని 1980లలో హృద్రోగ నిపుణులు నమ్మారు. ఈసీజీలు నిజంగానే చక్కబడ్డాయి. అప్పుడు అమెరికాలో ‘కాస్ట్’ అనే పరీక్ష జరిపారు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ తీసుకున్న 755 మందిలో 63 మంది చనిపోయారు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 743 మందిలో 26 మందే చనిపోయారు. 1989లో ఆ మందులను మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. పోల్చటానికి రెండో జట్టు లేకపోతే ఆ మరణాలన్నీ గుండెజబ్బు ఖాతాలోనే పడేవి. మందును ఎవరూ అనుమానించేవారు కాదు.

కోవిడ్ రెండో ఉధృతి మీకందరికీ గుర్తుంటుంది. ప్లాస్మా కోసం అర్ధరాత్రి ఫోన్లు చేసిన కుటుంబాల్లో మీవీ ఉండవచ్చు. నిజానికి అంతకు ముందు ఏడాదే, 2020లో, ఐసీఎంఆర్ మన దేశంలోని 39 ఆసుపత్రుల్లో 464 మందిపై పరీక్ష జరిపి, ప్లాస్మా ఇచ్చినా ఇవ్వకపోయినా జబ్బు ముదరటంలో, మరణాల్లో తేడా లేదని తేల్చింది. ఆ చికిత్సను జాతీయ మార్గదర్శకాల నుంచి తొలగించింది 2021 మే నెలలో. ఆధారం దొరకటం ఒక ఎత్తు, అది రోగి మంచం దాకా చేరటం మరో ఎత్తు. ఆ రెండో పని ఇకపై మీది.

పరీక్షలు మందులను కాదనటానికే అనుకోకండి. పేదవాడికి తలుపు తెరిచిన పరీక్ష మన పొరుగునే జరిగింది. ఒకప్పుడు క్షయ అంటే శానిటోరియం. మంచి గాలి, నెలల తరబడి పడక, బలమైన తిండి ఉంటేనే తగ్గుతుందని వైద్యలోకం నమ్మకం. మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం ఆ కాలానిదే. కానీ లక్షల మంది రోగులకు అన్ని మంచాలు ఎక్కడివి? 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం మొదలైంది. అక్కడ 193 మంది రోగుల్లో కొందరిని శానిటోరియానికి పంపారు, మిగిలినవారిని ఇరుకు ఇళ్లలోనే ఉంచి అవే మందులు ఇచ్చారు. ఎవరు ఎటన్నది డాక్టర్ల ఇష్టానికి వదలలేదు. ఏడాది తర్వాత చూస్తే రెండు జట్ల ఫలితాలు దాదాపు సమానం. ఇంట్లో మిగతావాళ్లకు జబ్బు అంటుకోవటం కూడా పెరగలేదు. 1959లో వెలువడిన ఆ ఫలితాలు ప్రపంచమంతటా క్షయ చికిత్సను ఇంటికి చేర్చాయి. కూలి మానుకుని నెలల కొద్దీ ఊరికి దూరంగా ఉండలేని మనిషికి ఆ పరీక్ష ప్రాణం పోసింది.

అయితే మద్రాసు ఫలితాన్ని చూపించి క్షయకు తిండితో పనిలేదంటే అది తప్పుడు చదువు. ఒక పరీక్ష తాను అడిగిన ప్రశ్నకే జవాబిస్తుంది. జార్ఖండ్‌లో జరిగి 2023లో వెలువడిన ‘రేషన్స్’ అధ్యయనం మరో ప్రశ్న అడిగింది: రోగి కుటుంబానికి బియ్యం, కందిపప్పు వంటివి ఇస్తే మిగతావాళ్లకు క్షయ రాకుండా ఉంటుందా? ఇవ్వని ఇళ్లలో 4,724 మందికి 122 మంది, ఇచ్చిన ఇళ్లలో 5,621 మందికి 96 మంది జబ్బుపడ్డారు. దీన్ని 39 శాతం తగ్గుదల అని చెప్పవచ్చు. నూటికి 2.6 నుంచి 1.7కు తగ్గిందనీ చెప్పవచ్చు. రెండూ నిజమే. మందుల కంపెనీ ప్రతినిధి మొదటి అంకె ఒక్కటే చెబితే, రెండోది అడిగి తెలుసుకోండి. మీరు రోగికి చెప్పేటప్పుడు రెండోదే ముందు చెప్పండి.

ఒక పరిశోధన మీ చేతికొస్తే ఇవి అడగండి. దేనితో పోల్చారు? ఎవరికి ఏ చికిత్స అన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించారా? కొలిచింది రోగికి పట్టే విషయమా, ల్యాబ్ అంకెనా? మధ్యలో తప్పుకున్నవాళ్లను లెక్కలోకి తీసుకున్నారా? ఖర్చు ఎవరు పెట్టారు? మేలు లేదని తేలిన పరీక్షలు అచ్చుకాకుండా మరుగున పడ్డాయా? మన దేశంలో 2009 నుంచి ప్రతి క్లినికల్ ట్రయల్‌నూ ముందే సీటీఆర్‌ఐలో నమోదు చేయాలి. ఆ రిజిస్ట్రీ తెరిచి చూసే అలవాటు చేసుకోండి. చివరిగా, ఆ పరీక్షలోని మనుషులు మీ ఎదుట ఉన్న మనిషిలాంటివాళ్లేనా? మూడు జబ్బులున్న డెబ్బై ఏళ్ల అవ్వను చాలా పరీక్షల్లో చేర్చుకోనే చేర్చుకోరు.

అన్నిటికీ గట్టి ఆధారం దొరకదు. దొరకని చోట చేతులు ముడుచుకుని కూర్చోలేం. అప్పుడు మనకు తెలిసినంత చెప్పి, తెలియనిది తెలియదని చెప్పి, ఖర్చు, బాధ తక్కువైన దారిని రోగితో కలిసి ఎంచుకోవాలి. అలా చెబితే గౌరవం తగ్గుతుందని భయపడకండి.

యువ వైద్యులారా, ఈ రోజు నేను చెప్పిన ప్రతి అంకె వెనకా తమకు ఏ చికిత్స అందుతుందో తెలియకుండానే సరేనన్న మనుషులున్నారు. వాళ్లకు మనం రుణపడి ఉన్నాం. ఆ రుణం తీరేది ఆ ఫలితాలను చదివి, అర్థం చేసుకుని, ఆచరణలో పెట్టినప్పుడే. నీరసమని సెలైన్ అడిగినా, జలుబుకు యాంటీబయాటిక్ అడిగినా, అక్కర్లేదని ఓపికగా చెప్పండి. పనిచేస్తుందని రుజువైన మందు పీహెచ్‌సీలో లేకపోతే, వచ్చేదాకా అడగండి, రాయండి, పట్టుబట్టండి. మీ చదువు ఈ పట్టాతో ఆగకూడదని, మిమ్మల్ని నమ్మి వచ్చిన ఏ ఒక్కరూ అక్కర్లేని వైద్యానికి అప్పులపాలు కాకూడదని కోరుకుంటూ, మీ అందరికీ నా ఆశీస్సులు.