త్వరగా పాకే జబ్బు - తట్టుకోవలసిన ఊరు

(సంఘం వార్షిక సమావేశంలో ఒక ఉర్దూ మీడియం ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



కరోనా పోయింది కదా, ఇంకా దాని గురించి మాట్లాడేదేముందండీ అని కొందరికి అనిపించవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించిన మాట నిజమే. అయితే ఇంటికప్పు బాగుచేసుకునేది వాన వెలిశాకే కదా! కురుస్తున్నప్పుడు ఎవరూ నిచ్చెన ఎక్కరు. అందుకే ఈ నాలుగు మాటలు మనవి చేస్తున్నాను.

పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి గనుక ముందు ఒక చిన్న లెక్క చెబుతాను. ఒక జబ్బు వెయ్యిమందికి వచ్చి, నూటికి ఐదుగురు ఆసుపత్రి పాలైతే యాభై పడకలు కావాలి. ఇంకో జబ్బు దానికన్నా తేలిక, నూటికి ఒక్కరే ఆసుపత్రికి పోతారు, కాని అది పదివేలమందికి పాకింది. అప్పుడు ఎన్ని పడకలు కావాలి? వంద! తేలిక జబ్బు అన్నామే, దానికే రెట్టింపు పడకలు. పైగా ఈరోజు పదిమందికి ఉన్నది మూడు రోజులకొకసారి రెట్టింపయితే, పదిహేను రోజులకు మూడు వందల ఇరవై, నెలకు పదివేలు దాటుతుంది. బెదిరించడానికి చెప్పడం లేదు, గుణకారం తీరే అంత.

2021 నవంబరు 26న ఒమిక్రాన్ అని పేరు పెట్టిన రకం ఇలాంటిదే. మన రాష్ట్రంలో మొదటి కేసు డిసెంబరు 12న విజయనగరం జిల్లాలో బయటపడింది. ఒక్కొక్క మనిషికి అది తేలికే కావచ్చు. మరి పనులకు? ఆ క్రిస్మస్ రోజుల్లో విమాన సిబ్బంది ఒక్కసారిగా జబ్బుపడి ప్రపంచమంతటా వేలాది విమానాలు ఆగిపోయాయి. 2022 జనవరిలో ఢిల్లీ పోలీసు శాఖలో వెయ్యిమందికి పైగా కరోనా సోకింది. అంటే రోగి పెరిగిన రోజునే రోగిని చూసే నర్సమ్మ, అంబులెన్సు డ్రైవరు, కరెంటు లైన్‌మాన్, మందుల షాపు కుర్రవాడు కూడా ఇంట్లో పడుకుంటారన్నమాట. అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది.

దానికి ముందు 2021 వేసవిలో డెల్టా రకం మనకేం చూపించిందో మరిచిపోలేం. మే నెలలో మన రాష్ట్రంలో ఒక్కరోజు కేసులే ఇరవై నాలుగు వేలు దాటాయి. మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రికి ఆక్సిజన్ ట్యాంకరు చేరడం ఆలస్యమై పదకొండుమంది చనిపోయారని ప్రభుత్వమే చెప్పింది. డాక్టర్లున్నారు, పడకలున్నాయి. రోడ్డు మీద రావలసిన ఒక్క బండి సమయానికి రాలేదు.

ఇక మనది సరిహద్దు ఊరు. పెనుబల్లి, కల్లూరు, సత్తుపల్లి మనకు పరాయివి కావు, అక్కడ మన బంధుత్వాలున్నాయి. అదే మే నెలలో పుల్లూరు దగ్గర, రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర తెలంగాణ పోలీసులు మన రాష్ట్రం అంబులెన్సులను ఆపారు. హైదరాబాదులో పడక ఖాయమైనట్టు కాగితం చూపాలన్నారు. తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది మే 14న. ఆరోజు శుక్రవారం, మనకు ఈదుల్ ఫితర్ పండుగ కూడా. ఈద్గా నమాజు లేక ఇళ్లలోనే గడిపిన ఈద్ అది. రాష్ట్రాలు రెండైనా ఊపిరి ఒకటే కదా అని ఆనాడు ఎందరికో అనిపించింది.

బడుల సంగతి కూడా చెప్పాలి. 2021 ఏప్రిల్‌లో మూసిన బడులు ఆగస్టు 16న గాని తెరుచుకోలేదు. ఇంటికి ఒక్క ఫోను, అది నాన్నతోపాటు పనికి పోతుంది. పాఠం ఎవరు వింటారు? మెకానిక్ షెడ్డుకు అలవాటుపడిన మగపిల్లవాణ్ణి, పెళ్లి మాటలు మొదలైన ఆడపిల్లను మళ్లీ బెంచీ మీద కూర్చోబెట్టడానికి ఉపాధ్యాయులు ఇల్లిల్లూ తిరిగారు. జబ్బు తగ్గినంత త్వరగా ఈ నష్టం తగ్గదు.

మరి మనమేం చేయాలి? హజ్రత్ ఉమర్ (రజి) సిరియా వెళ్తూ, అక్కడ మహమ్మారి ఉందని విని, పెద్దలతో సలహా చేసి దారిలోనే వెనుదిరిగారని చిన్నప్పటి నుంచి వింటున్నాం. తవక్కుల్ అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదని దాని అర్థం. కాబట్టి మన సంఘం ముందు మూడు విన్నపాలు పెడుతున్నాను.

ఒకటి, ప్రతి ముఖ్యమైన పనికీ ఇద్దరుండాలి. మయ్యత్‌కు గుస్ల్ ఇచ్చేవారు, ఖబర్ తవ్వేవారు, బండి నడిపేవారు, ఎవరికైనా జ్వరం వస్తే వారి స్థానంలో నిలబడే రెండో మనిషి పేరు ఇప్పుడే రాసిపెట్టుకోవాలి. ఆడవారి గుస్ల్‌కు ఆడవారి జాబితా వేరుగా ఉండాలి.

రెండు, ఒంటరి ముసలివారు, రోజుకూలీ ఇళ్లు మహల్లాలవారీగా తెలిసి ఉండాలి. ఇంట్లో నుంచి కదలవద్దని చెప్పడం సులభమే, బియ్యం, మందులు గుమ్మం దాకా చేర్చినప్పుడే ఆ మాట నిలుస్తుంది. ఆ ఇల్లు ఎవరిదైనా సరే, మతం అడగకూడదు. తిరుపతిలో అయినవాళ్లు దగ్గరకు రాలేని హిందూ సోదరుల శవాలకు కూడా ముస్లిం యువకులు అంత్యక్రియలు జరిపించారు. ఆ దారి మనదీ కావాలి.

మూడు, పుకార్లు. టీకా మీద, ఆసుపత్రి మీద వచ్చిన మాటను పదిమందికి చెప్పేముందు డాక్టరుగారిని ఒక్కసారి అడగండి. జబ్బుకన్నా వేగంగా పాకేది అబద్ధమే.

జాబితా రాయడానికి ఒక నోటుబుక్కు, రెండు సాయంత్రాలు చాలు. సభ ముగిశాక పేర్లు ఇవ్వదలచిన యువకులు, అక్కలు, చెల్లెళ్లు కార్యదర్శిగారిని కలవవలసిందిగా కోరుతున్నాను.