ఎంత వేడి? ఏ గాలిలో?

మీలో చాలామంది జేబుల్లో ఉన్న సెల్‌ఫోన్ తెర మీద కంటికి ఆనని పూత ఒకటి ఉంటుంది. మీరు వేలు ఎక్కడ పెట్టారో కనిపెట్టేది అదే. దాని పేరు ఇండియం టిన్ ఆక్సైడ్. గాజులా వెలుతురును వదులుతుంది, లోహంలా కరెంటును పోనిస్తుంది. ఈ రెండు గుణాలూ ఒకే పొరలో ఉండడం అరుదు. 1907లో జర్మనీకి చెందిన కార్ల్ బేడెకర్ పలచని కాడ్మియం పొరను గాలిలో వేడిచేశాడు. అది ఆక్సైడుగా మారి పారదర్శకమైంది, అయినా కరెంటును పోనిచ్చింది. అంటే మొట్టమొదటి పారదర్శక వాహకం పుట్టిందే వేడిలో అన్నమాట.

ఫ్యాక్టరీల్లో ఇండియం టిన్ ఆక్సైడ్ పూతను శూన్యపు గదుల్లో వేస్తారు. ఆ యంత్రాలకు ఖర్చెక్కువ. అందుకే దాని నానో రేణువులను ద్రావకంలో కలిపి, సిరాలా గాజు మీద పూసే పద్ధతి వచ్చింది. రేణువు సైజు వెలుతురు తరంగం కన్నా చాలా చిన్నది కాబట్టి పూత మసకగా కనిపించదు.

చిక్కు ఎక్కడంటే, తడి ఆరాక మీటరు పెట్టి చూస్తే కరెంటు దాదాపు పారదు. సిరాలో రేణువులు ముద్దకట్టకుండా వాటి చుట్టూ కర్బన అణువుల తొడుగు వేసి ఉంటారు. ఇప్పుడు ఎలక్ట్రాన్లకు అదే అడ్డుగోడ. పైగా రేణువుకీ రేణువుకీ మధ్య తాకిడి సూదిమొనంత.

కొలిమిలో పెట్టి 300 డిగ్రీలు దాటిస్తే ఆ తొడుగు కాలిపోతుంది. వేడి ఇంకా పెంచితే, తాకిన చోట్ల రేణువులు అతుక్కుని మెడలు కడతాయి. కుమ్మరి ఆవంలో పచ్చికుండ గట్టిపడినట్టే, పూర్తిగా కరగకుండానే ఒకటవుతాయి. ఎలక్ట్రాన్లకు దారి పడుతుంది.

ఇక్కడితో అయిపోతే నేనింత చెప్పక్కర్లేదు. ఎలక్ట్రాన్లకు దారి ఉంటే చాలదు, నడిచే ఎలక్ట్రాన్లూ ఉండాలి. అవి రెండు చోట్ల నుంచి వస్తాయి. ఇండియం స్థానంలో కూర్చున్న టిన్ పరమాణువు ఒక ఎలక్ట్రాన్‌ను అదనంగా ఇస్తుంది. ఆక్సిజన్ ఖాళీ చేసిన చోటు రెండు ఇస్తుంది. గాలిలో కాల్చితే ఆక్సిజన్ వచ్చి ఆ ఖాళీలను పూడుస్తుంది. దారులు బాగుపడుతుంటే, నడిచేవాళ్లు తగ్గిపోతారు. ఈ తేడా కంటికే తెలుస్తుంది: ఖాళీలు తక్కువున్న పొడి పసుపుపచ్చగా, ఎక్కువున్నది నీలంగా ఉంటుంది.

అందుకే పనిని రెండు విడతలుగా చేస్తారు. ముందు గాలిలో కాల్చి తొడుగు వదిలిస్తారు. తర్వాత నైట్రోజన్‌లో కొద్దిగా హైడ్రోజన్ కలిపి అందులో వేడిచేస్తారు. హైడ్రోజన్ కొంత ఆక్సిజన్‌ను లాక్కుపోతుంది, ఖాళీలు మళ్లీ ఏర్పడతాయి, నిరోధం పడిపోతుంది. అలా అని ఎక్కువసేపు ఉంచకూడదు. ఆక్సైడే విరిగి, లోహం బయటపడి పూత నల్లబడుతుంది.

అడుగున ఉన్నదాన్నీ చూసుకోవాలి. మామూలు కిటికీ గాజు 550 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలవుతుంది. నీళ్ల సీసాలకు వాడే పెట్ ప్లాస్టిక్ సుమారు 250కే కరుగుతుంది. అందుకే ప్లాస్టిక్ మీది పూతలను కొలిమిలో పెట్టకుండా, మిల్లీసెకన్లలో ముగిసే వెలుగు మెరుపులతో కాల్చే పద్ధతులు వచ్చాయి. పై పొర వేడెక్కుతుంది, కిందిది తట్టుకుంటుంది.

ఇక్కడున్న విద్యార్థులకు ఒక్క మాట. ఏ పూత గురించి చదివినా, ఎన్ని డిగ్రీల్లో కాల్చారన్నది చూసి ఊరుకోకండి. ఏ వాయువులో, ఎంతసేపు అని కూడా అడగండి. ఆ రెండూ చెప్పని వేడి లెక్కతో ఆ పూతను మళ్లీ ఎవరూ చేయలేరు.