సొసైటీ లెక్క సభ్యుడి ముందే తేలాలి

(సహకార సంఘాల డైరెక్టర్లు, సభ్యుల శిక్షణా తరగతిలో రైతు సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల కంప్యూటరీకరణ పథకానికి కేంద్ర మంత్రివర్గం 2022 జూన్ 29న ఆమోదం తెలిపింది. 63 వేల సంఘాలు, 2,516 కోట్ల రూపాయలు, అయిదేళ్ల గడువు. అమలు బాధ్యత నాబార్డుది. పంట రుణం, డిపాజిట్లు, ఎరువుల అమ్మకం, ధాన్యం కొనుగోలు అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లోకి రావాలన్నది ఉద్దేశం. దీన్ని మనం వ్యతిరేకించడం లేదు. చేతిరాత పుస్తకాల చాటున బినామీ రుణాలు ఎలా నడిచాయో పల్లెల్లో తెలియనిది కాదు. లెక్క బయటపడితే మేలు మనకే.

మన ప్రశ్న ఒక్కటే. ఆ లెక్క ఎక్కించేటప్పుడు రైతు ఎక్కడున్నాడు?

ఏ సంస్థలో సాఫ్ట్‌వేర్ పెట్టినా, దాన్ని వాడే సిబ్బంది ఎవరు, దానితో సంబంధమున్న బయటివాళ్లు ఎవరు అని ముందుగా జాబితా రాసుకోవాలి. మన సొసైటీలో సీఈఓ, గుమాస్తా లోపలివాళ్లు. జిల్లా సహకార బ్యాంకు, ఆడిటరు, ఎరువుల సరఫరాదారు బయటివాళ్లు. వాళ్లతో మాట్లాడకుండా పని సాగదు. మరి సభ్యుడు? చట్టం ప్రకారం అతను వాటాదారు, అంటే యజమాని. కంప్యూటర్ తెర మీద మాత్రం ఒక ఖాతా నంబరు. యజమానిని బయటివాడిగా కూడా లెక్కించకపోతే ఆ లెక్క ఎవరి కోసం?

పాత లెడ్జర్‌లో ఉన్న నిల్వనే కొత్త లెక్కకు ప్రారంభ నిల్వగా ఎక్కిస్తారు. అందులో తప్పుంటే తప్పే స్థిరపడుతుంది. ఒక ఉదాహరణ చూద్దాం. 3 లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా కడితే 3 శాతం ప్రోత్సాహకం, అంటే మనకు పడేది 4 శాతమే. లక్ష రూపాయలు తీసుకుని ఏడాదికి గడువులోనే కట్టిన రైతుకు, కట్టిన తేదీ తప్పుగా నమోదైతే 3 వేల రూపాయలు పోతాయి. పైగా బాకీదారుల జాబితాలో పేరు పడి, మళ్లీ అప్పు పుట్టదు.

భూమి రికార్డుల అనుభవం మన కళ్లముందే ఉంది. తెలంగాణలో ధరణి 2020 అక్టోబరు 29న మొదలైంది. తప్పులు దిద్దుకునే దారులు మొదట్లో చాలక, తర్వాత ఒక్కొక్కటిగా చేర్చాల్సి వచ్చింది. 2025లో భూభారతి చట్టం వచ్చాక ఊళ్లలో రెవెన్యూ సదస్సులు పెట్టి దరఖాస్తులు తీసుకున్నారు. రైతును అడగడం ఎప్పటికైనా తప్పదు. ముందే అడిగితే తిప్పలు తప్పుతాయి.

అందుకే మనం ఇవి కోరాలి.

ఒకటి, ప్రారంభ నిల్వలు ఖరారు కాకముందే ప్రతి సభ్యుడికీ వాటా ధనం, అసలు, వడ్డీ, డిపాజిట్ చూపే చీటీ ఇవ్వాలి. అభ్యంతరాలకు కనీసం 15 రోజులు గడువుండాలి. సంఘం మొత్తం లెక్కను మహాజన సభలో చదివి వినిపించాలి.

రెండు, కనీసం ఒక పంట కాలం చేతి పుస్తకాలూ కంప్యూటరూ పక్కపక్కన నడవాలి. రెండూ సరిపోలాకే పుస్తకాలు ఆపాలి.

మూడు, రశీదు, ఫోన్ సందేశం తెలుగులో రావాలి. సాఫ్ట్‌వేర్ స్థానిక భాషలో ఉంటుందని, రాష్ట్రాల అవసరాలకు తగ్గట్టు మార్చుకోవచ్చని పథకం ప్రకటనలోనే ఉంది. ఆ రశీదును ముందుగా పదిమంది సభ్యులకు చూపించి, అర్థమైందో లేదో అడగాలి. అందులో మహిళా రైతులూ, వృద్ధులూ ఉండాలి.

నాలుగు, కౌలు రైతుకు చోటుండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డులు ఇస్తున్నారు. భూమి పాస్‌బుక్ నంబరు లేనిదే దరఖాస్తు ముందుకు కదలనట్టు సాఫ్ట్‌వేర్ కడితే, ఆ కార్డు సొసైటీ గడపలోనే ఆగిపోతుంది.

అయిదు, తప్పు దిద్దే అధికారం ఎవరిది, ఎన్ని రోజుల్లో దిద్దాలి అన్నది సొసైటీ గోడ మీద రాసి పెట్టాలి.

సిబ్బందిని దోషులుగా చూడొద్దు. ఏళ్ల తరబడి పేరుకుపోయిన పుస్తకాలను ఒకరిద్దరు కూర్చుని ఎక్కించాలంటే పొరపాట్లు సహజం. సభ్యుడు పక్కనుంటే గుమాస్తాకూ రక్షణే.

వచ్చే మహాజన సభ ఎజెండాలో ఈ అయిదు అంశాలు చేర్చాలని మీ పాలకవర్గానికి ఈ వారమే రాతపూర్వకంగా ఇవ్వండి. అందినట్టు సంతకం తీసుకోండి. ఇంట్లో ఉన్న పాత రశీదులు ఒక్కటీ పారేయకండి. రేపు కంప్యూటర్ ముందు మీ తరఫున సాక్ష్యం చెప్పేవి అవే.