వ్యాను గుత్తకిచ్చినా లెక్క మనదే
(సుచిత్రలో జరిగిన పాల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాలు మోసే వ్యాను, బల్క్ కూలరు మరమ్మతు, బిల్లులు రాసే పని బయటివారికి అప్పగించవచ్చునా అన్నది నేటి చర్చ. బయటివాడు కాలు పెడితే సంఘం పోయినట్లేనని కొందరు పెద్దలు అన్నారు. నేను అంతదూరం పోను.

ఇక్కడి నుంచి కొంపల్లి దాటి మేడ్చల్ దారిన పోతే దేవరయాంజాల్ వద్ద 108 అంబులెన్సులను నడిపిన సంస్థ కేంద్రం కనబడుతుంది. ఆ సేవ 2005 ఆగస్టు 15న మొదలైనది. సత్యం కంపెనీ స్థాపకుల కుటుంబం డబ్బు పెట్టగా, ప్రభుత్వంతో ఒడంబడిక కుదిరినది. రాను రాను నడిపే ఖర్చులో అధిక భాగం ప్రభుత్వమే భరించినది. 2009 జనవరిలో సత్యం లెక్కల మోసం బయటపడినది. ఇక అంబులెన్సు రాదేమోనని ఎందరో భయపడ్డారు. ఆ ఏడాదే జి.వి.కె. సంస్థ బాధ్యత తీసుకున్నది, బండ్లు ఆగలేదు. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2017లో ఒకరికి, 2020లో మరొకరికి ఆ పని మారినది. నడిపేవారు మారారు గాని, జనం తిప్పే నంబరు 108 గానే ఉన్నది. మన గేదెకు జబ్బు చేస్తే పిలిచే 1962 బండ్లు కూడా 2017లో తెలంగాణలో ఆ పద్ధతినే మొదలైనవి.

మరి మన సంఘానికి ఆ నంబరు వంటిది ఏది? సభ్యుల జాబితా, తూకం, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. లెక్క. రైతు ధర తేలేది అక్కడనే. వ్యాను ఇవ్వండి, మరమ్మతు ఇవ్వండి. పరీక్ష మాత్రం మన టెస్టరు చేతనే, సభ్యుడి కళ్ళ ఎదుటనే జరగాలి. బిల్లులు కంప్యూటరులో రాయించినా ప్రతి పక్షానికి ఒక ప్రతి మన బీరువాలో ఉండాలి. లేకుంటే ఆ మనిషిని మార్చదలచిన నాడు మన లెక్కలు అతని దగ్గరే చిక్కుకుంటాయి.

ఇక కిరాయి సంగతి. ఇందులోనే మేము దెబ్బ తిన్నాము. లీటరుకు ఇంత అని మాట్లాడుకున్నాము. చలికాలంలో 400 లీటర్లు ఎత్తినవాడు, ఎండాకాలం 200కు పడిపోయేసరికి డీజిలు గిట్టదని మూడు పూటలు రాలేదు. పాలు విరిగినవి. కాగితంలో ఆ నష్టం ఎవరిదో రాసుకోలేదు గనుక మేమే భరించాము. తప్పు అతనిది సగం, మాది సగం. బండి తిరిగే దూరం రెండు కాలాల్లోనూ ఒక్కటే కదా! కాబట్టి ట్రిప్పుకు కొంత స్థిరమైన కిరాయి, దానిపై లీటరుకు కొంత ఇవ్వడం మేలు. రాని పూటకు కోత, అతని ఆలస్యం వల్ల పులిసిన పాలకు పరిహారం, డీజిలు ధర మారితే కిరాయి సవరణ కూడా ముందే రాసుకోవాలి.

గడువు ఒక్క ఏడాది చాలును. మన మేడ్చల్, శామీర్‌పేటల మీదుగా పోయే 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు టోల్ వసూలును 2023లో 7,380 కోట్లకు 30 ఏళ్ళు ఒకే కంపెనీకి ఇచ్చారు. రోడ్డు మాట వేరు. పూటపూటకు మారే పాలకు అంత పొడుగు గుత్త పనికిరాదు.

వచ్చే సమావేశానికి ప్రతి కార్యదర్శి గత వేసవిలో వ్యాను రాని పూటలు, విరిగిన పాల లీటర్లు రాసి తేవలసినదిగా కోరుతున్నాను. ఒడంబడిక ముసాయిదాను ఆ లెక్కలు ముందు పెట్టుకునే రాద్దాము.